ఇనుప పొగయోడ: ‘గ్రేట్ బ్రిటన్’ చరిత్రము, సంరక్షణము



నేడు నేను చెప్పబోవునది ఒక యోడను గూర్చి. అది మన దేశమున పుట్టినది కాదు. ఇంగ్లండులోని బ్రిస్టలు పట్టణమున కట్టబడి 1843వ సంవత్సరమున నీటిపై తేలినది. దాని పేరు ‘గ్రేట్ బ్రిటన్’. మహాసముద్రమును దాటుటకై ఇనుముతో నిర్మింపబడి, నీటిలోపల తిరుగు మరరెక్కలచే నడుపబడిన మొదటి పెద్ద ప్రయాణికుల పొగయోడ యిదియే. నూట యెనుబది సంవత్సరములకు పైబడిన యా యోడ నేడు తాను పుట్టిన చోటనే నిలిచియున్నది.

పొగయోడ యన నేమో మనకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో స్టీమరు నెక్కి రంగూనునకు పోయి వచ్చిన తాతల కథలను మన యిండ్లలో వినియే యున్నాము. అయితే పాతబడిన స్టీమరు తుదకేమగును? సాధారణముగా దానిని విరిచి యినుమును తూకమునకు అమ్మివేయుదురు. ఈ యోడ మాత్రము ఎట్లు మిగిలెను? మిగిలినదానిని ఎట్లు కాపాడుచున్నారు? ఈ రెండు ప్రశ్నలలో రెండవదియే ముఖ్యము. ఏలయన, పాతవస్తువును నలుగురు చూచునట్లు నిలుపుట వేరు. అది నశింపకుండ కాపాడుట వేరు. ఈ రెండును ఒకటే యని తలచి మనము ఎన్నో మంచి వస్తువులను కన్నులెదుటనే పోగొట్టుకొనుచున్నాము.

మొదట దాని పుట్టుకను చెప్పెదను. ఇసంబార్డు కింగ్డం బ్రూనెల్ అను నింజనీరు 1806లో జన్మించి 1859లో గతించినవాడు. రైలుమార్గములను, వంతెనలను, సొరంగములను నిర్మించి ప్రసిద్ధి కెక్కెను. అతడు తొలుత ‘గ్రేట్ వెస్టర్న్’ అను కొయ్యయోడను కట్టించెను. అది 1838లో ఆవిరిబలముతో అట్లాంటిక్ మహాసముద్రమును దాటి న్యూయార్కునకు పోయెను. అంతకు పూర్వము, అంత దూరము పోవలసిన యోడ తనకు కావలసిన బొగ్గును తానే మోయలేదని పలువురు వాదించెడివారు. బ్రూనెల్ ఆ వాదమును లెక్కతో ఖండించెను. ఓడ పొడవును, వెడల్పును, లోతును రెట్టింపు చేసినచో అందు పట్టు సరకు ఎనిమిది రెట్లగును. నీరు దాని నడ్డగించు బలము మాత్రము ఇంచుమించు నాలుగు రెట్లే యగును. కావున ఓడ ఎంత పెద్దదైన బొగ్గు ఖర్చు అంత కలిసివచ్చును.

అయితే కొయ్యతో కట్టు నోడను ఇష్టము వచ్చినంత పొడవుగా కట్ట వీలులేదు. సముద్రమున పెద్ద అల నడుమ నెత్తినపుడు రెండు కొనలును వంగును. అల కొనల నెత్తినపుడు నడుము క్రుంగును. ఇట్లు అటునిటు వంగి వంగి కొయ్య అతుకులు సడలిపోవును. అందుచే రెండవ యోడను ఇనుముతో కట్ట నిశ్చయించిరి. ఇనుప రేకుల అంచులను ఒకదానిపై నొకటి వచ్చునట్లు పేర్చి, రివెట్లు కొట్టి బిగించిరి. లోపల అడ్డుగోడలు పెట్టి, ఒక భాగమున నీరు చొచ్చినను తక్కిన భాగములకు పోకుండ చేసిరి. 1839 జూలైలో బ్రిస్టలు డాకులో పని మొదలయ్యెను. ఆ సంవత్సరమే నవంబరు మాసమున మన గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు ఉప్పెన పాలయ్యెను. కొయ్యయోడలను కట్టుటకును, మరమ్మతు చేయుటకును పేరుపొందిన మన రేవు దెబ్బతిన్న యేటనే అక్కడ ఇనుప యోడకు పునాది పడినది.

రెండవ మార్పు చోదకయంత్రమునకు సంబంధించినది. అప్పటి పొగయోడలకు రెండు ప్రక్కల పెద్ద పెద్ద తెడ్ల చక్రములుండెడివి. ఓడ ఒక ప్రక్కకు ఒరిగినపుడు ఒక చక్రము నీటిలో మునిగిపోవును. రెండవది గాలిలో వృథాగా తిరుగును. ప్రయాణము సాగి బొగ్గు ఖర్చైన కొలది ఓడ తేలికపడి పైకి లేచును. అప్పుడు చక్రముల తెడ్లకు తగినంత నీరందదు. 1840లో ‘ఆర్కిమిడీస్’ అను చిన్న యోడ బ్రిస్టలునకు వచ్చెను. దానికి చక్రములు లేవు. వెనుక భాగమున, నీటిలో మునిగి తిరుగు మరరెక్కలుండెను. దీనినే ప్రొపెల్లరు అందురు. బ్రూనెల్ ఆ యోడను అద్దెకు తీసికొని పరీక్షించి, తన యోడకు తెడ్ల చక్రములు మాని ప్రొపెల్లరునే పెట్టించెను. దానికి ఆరు రెక్కలు. అడ్డుకొలత పదునైదున్నర అడుగులు. దానిని త్రిప్పు యంత్రమునకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని అడ్డుకొలత 88 అంగుళములు. ఓడ పొడవు 322 అడుగులు. ఆనాడు లోకమున అంతకంటె పెద్ద యోడ లేదు.

1843 జూలై 19వ తేదీన, విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు సమక్షమున, డాకులోనికి నీరు వదలి ఓడను తేల్చిరి. కాని అది బ్రిస్టలు రేవును విడిచి పోవుటకే మరి సంవత్సరమునకు పైగా పట్టెను. రేవు ద్వారము దానికి చాలలేదు! 1844 డిసెంబరులో ద్వారపు గోడల పైరాళ్లను తొలగించి దాని నెట్లో బయటికి తెచ్చిరి. 1845 జూలై 26న లివర్పూలు నుండి బయలుదేరి, 14 దినముల 21 గంటలలో న్యూయార్కునకు చేరెను.

మరుసటి యేడే ఆపద వచ్చెను. 1846 సెప్టెంబరు 22 రాత్రి, దీపస్తంభపు గుర్తు తప్పుటచే, ఓడ ఐర్లండు తీరమున డండ్రం అఖాతములో ఇసుకమేటపై కెక్కెను. ప్రయాణికులందరును క్షేమముగా దిగిరి. ఓడ మాత్రము ఇంచుమించు పదునొకండు నెలలు అక్కడనే పడియుండెను. శీతకాలపు అలలు దానిని బ్రద్దలు కొట్టకుండ బ్రూనెల్ పుల్లల మోపులను గుట్టలుగా కట్టించి అడ్డుపెట్టించెను. మన రైతులు ఏటిగట్టు కోసికొనిపోకుండ కంపమోపులు వేయు పద్ధతికిని దీనికిని భేదము లేదు. కొయ్యయోడ యైనచో ఆ దెబ్బకు ముక్కలు కావలసినదే. ఇది నిలిచెను. 1847 ఆగస్టులో తేలెను. కాని సొంతదారుల కంపెనీ నిలువలేదు. సుమారు 1,17,000 పౌనులు ఖర్చైన యోడను 1850లో 25,000 పౌనులకు అమ్ముకొనిరి.

క్రొత్త యజమానుల చేతిలో దానికి మంచి దినములు వచ్చెను. 1851లో ఆస్ట్రేలియాలో బంగారము దొరకెనను వార్త వ్యాపించగా, ఆ దేశమునకు పోవువారు వేలకు వేలైరి. 1852 ఆగస్టులో ఈ యోడ 630 మందితో మెల్బోర్నునకు బయలుదేరెను. ఆ నాటినుండి 1876 వరకు, నడుమ కొన్ని విరామములతో, ఆ మార్గముననే తిరిగెను. పోవునపుడు ఆఫ్రికా దక్షిణపు కొనను, వచ్చునపుడు దక్షిణ అమెరికా కొనను చుట్టివచ్చుటచే ఒక్కొక్క యాత్రయు భూప్రదక్షిణమే. అట్టి యాత్రలు ముప్పదిరెండు. మొత్తము సుమారు 15,000 మందిని అది ఆస్ట్రేలియాకు చేర్చినది. రెండు నెలల ప్రయాణమునకు కావలసిన ఆహారమునకై గొఱ్ఱెలను, కోళ్లను, పాలకై ఆవును సైతము ఓడలోనే తీసికొనిపోయెడివారు. పై అంతస్తున ధనికులు దీపకాంతిలో భోజనము చేయుచుండగా, దిగువ భాగమున పేదలు బిడ్డలతో ఇరుకు పడకలపై కాలము గడిపెడివారు. తిరిగి స్వదేశమును చూతుమో లేదో తెలియని ప్రయాణమది.

ఈ యోడ మన దేశ చరిత్రములోను ఒక పుట కెక్కినది. 1857లో ఉత్తర హిందూస్థానమున చెలరేగిన స్వాతంత్ర్యసమరము నణచుటకై ఇంగ్లండు నుండి వచ్చిన గుఱ్ఱపు దళముల సైనికులను ఇది బొంబాయికి తెచ్చినది. అది మనకు తీయని జ్ఞాపకము కాదు. అయినను చరిత్రవస్తువును కాపాడుట దానిని పొగడుటకు కాదు. జరిగినదానికి సాక్షి నిలుపుటకు.

కాలము మారెను. క్రొత్త యోడలు తక్కువ బొగ్గుతో ఎక్కువ వేగముగా పోవజొచ్చెను. 1882లో ‘గ్రేట్ బ్రిటన్’ యంత్రములను తీసివేసి, తెరచాపల యోడగా మార్చి, దానిచే బొగ్గు మోయించిరి. 1886లో దక్షిణ అమెరికా కొనయొద్ద తుపానులో దెబ్బతిని, అట్లాంటిక్ దక్షిణ భాగముననున్న ఫాక్‌లాండు దీవులలో స్టాన్లీ రేవునకు చేరెను. మరమ్మతు ఖర్చు గిట్టదని దానిని అక్కడనే అమ్మివేసిరి. అటుపిమ్మట అది నీటిపై తేలు గిడ్డంగిగా ఉన్నిబేళ్లను, బొగ్గును దాచుటకు పనికివచ్చెను. 1937 నాటికి అందుకును పనికిరాదని, స్టాన్లీకి కొలదిమైళ్ల దూరమున స్పారో కోవ్ అను చిన్న అఖాతమునకు ఈడ్చుకొనిపోయి, అడుగున రంధ్రములు చేసి, లోతు తక్కువ నీటిలో కూర్చుండబెట్టి విడిచిపోయిరి. లోపల సముద్రపు నీరు ఆటుపోట్లతో నిండుచు, తీయుచు నుండెను. ఓడ కుడిప్రక్కన పెద్ద బీట పడెను. ఆ బీట దినదినము పెరుగుచుండెను. నడుము విరిగి రెండగుటకు ఎంతో కాలము పట్టెడిది కాదు.

అట్టి స్థితిలో ఈవన్ కార్లెట్ అను నౌకానిర్మాణ శాస్త్రజ్ఞుడు 1967 నవంబరులో లండను ‘టైమ్సు’ పత్రికకు ఒక లేఖ వ్రాసెను. ఈ యోడ చారిత్రక విలువను తెలిపి, దానిని రక్షింపవలెనని కోరెను. లేఖ చదివిన వారిలో కొందరు కదలిరి, సంఘము నేర్పరచిరి. తరువాత జాక్ హేవర్డు అను ధనవంతుడు ఓడను దెచ్చుట కగు ఖర్చునకు పూనుకొనెను. 1970లో పనివారు ఫాక్‌లాండులకు పోయిరి. రంధ్రములను మూసిరి. పెద్ద బీటలో నేమి కూరిరో వినుడు: పాత పరుపులు! దీవుల ప్రజలు తమ యిండ్లలోని పరుపుల నిచ్చిరి. నీటిని తోడి, ఓడను తేల్చి, నీట ముంచిన పెద్ద తేలుడు వేదికపైకి తెచ్చి, ఆ వేదికలోని నీటిని తోడివేయగా ఓడ వేదికతోపాటు పైకి లేచెను. దానిని మరియొక బలమైన యోడ సుమారు 8,000 మైళ్లు ఈడ్చుకొని ఇంగ్లండునకు తెచ్చెను.

1970 జూలై 5న అది ఏవన్ నదిమీదుగా బ్రిస్టలు ప్రవేశించెను. ఆ నదిపై బ్రూనెల్ సంకల్పించిన వ్రేలాడు వంతెన ఒకటి గలదు. అది అతని మరణానంతరము 1864లో పూర్తియైనది. పూర్తియైన వంతెన క్రిందుగా ఈ యోడ పోవుట అదియే మొదటిసారి. 1844లో విడిచిన యూరికి అది నాటివరకు తిరిగి రానేలేదు. జూలై 19న, పూర్ణిమ మరునాటి పెద్దపోటులో, దానిని పుట్టిన డాకులోనికే చేర్చిరి. నీటిపై తేలిన దినమునకు సరిగా 127 సంవత్సరములు నిండిన దినమది.

కథలైనచో ఇక్కడ ముగియును. వస్తువులకు మాత్రము అసలు కష్టము ఇక్కడనే మొదలగును.

డాకులో నీరు తోడివేసి, ఓడను పొడినేలపై నిలిపి, వేగముగా చిమ్ము నీటిధారలతో తుప్పును, పాతరంగును కడిగి, మరల రంగు పూసిరి. చూచుటకు బాగుగనే యుండెను. కాని ఇరువదియెనిమిది సంవత్సరములు గడచిన పిమ్మట, 1998లో శాస్త్రజ్ఞులు పరీక్షించి చూడగా, రంగు క్రింద ఇనుము నశించుచునే యుండెను. ఇట్లే విడిచిన మరి పాతికేండ్లలో ఓడ తన బరువును తాను మోయలేక పోవునని తేలెను. సముద్రములో ముప్పదిమూడేండ్లు నిలిచినది పొడినేలపై చావ సిద్ధమైనది. దీనికి కారణమేమి?

కారణము ఉప్పు. దీర్ఘకాలము సముద్రమున నుండుటచే ఉప్పులోని క్లోరైడు అను పదార్థము ఇనుపరేకుల పొరలలోనికి, అతుకులలోనికి, రివెట్ల సందులలోనికి దిగిపోయినది. వానకాలమున మన వంటయింటి ఉప్పుకుండ ఎవరును నీరు పోయకయే చెమ్మగిల్లుట మీ రెఱిగినదే. ఇనుములో దిగిన ఉప్పును అట్లే గాలిలోని తేమను పీల్చును. ఆ తేమతో ఇనుము తుప్పగును. తుప్పు పట్టిన తరువాత క్లోరైడు ఖర్చైపోదు. మరల క్రొత్త యినుమును పట్టుకొనును. పైన ఎంత రంగు పూసినను లోనున్న శత్రువు లోననే యుండును. పుండు మానకమునుపే పైన పట్టు వేసినట్లగును.

అప్పుడు పెద్దలముందు మూడు మార్గములు నిలిచెను. ఒకటి, ఉప్పును కడిగివేయుట. చిన్న వస్తువులనైన క్షారజలమున నెలల తరబడి నానవేసి ఉప్పును దీయవచ్చును. 322 అడుగుల యోడను ఎచ్చట నానవేయుదురు? రెండవది, తిన్న రేకులను కోసివేసి క్రొత్త ఉక్కురేకులు వేయుట. అది సులభమే. కాని అట్లు చేయుచు పోయినచో కొంతకాలమునకు బ్రూనెల్ ఓడ పోయి, బ్రూనెల్ ఓడవంటి క్రొత్తయోడ మిగులును. మూడవది, ఉప్పును ఉన్నచోటనే యుండనిచ్చి, దానికి తేమ దొరకకుండ చేయుట. వారు మూడవ మార్గమునే ఎన్నుకొనిరి.

ఎట్లు చేసిరనగా: ఓడ నీటిలో నున్నపుడు నీటిమట్టము ఎంతవరకు వచ్చునో, అంత యెత్తున ఓడకును డాకు గోడలకును నడుమ గాజుపలకలు పరచిరి. పలకలపై పలుచగా నీరు నిలిపిరి. ఒడ్డుననుండి చూచువారికి ఓడ నీటిపై తేలుచున్నట్లే కనబడును. పలకల క్రింది భాగము మూసిన గదివలె నయ్యెను. ఆ గదిలోని గాలిలో తేమను యంత్రములు నిరంతరము తీసివేసి, ఎండిన గాలిని ఇనుముపైకి పంపుచున్నవి. గాలి ఎంత తేమను మోయగలదో అందు నూటికి ఇరువది పాళ్లు మాత్రమే యుండునట్లు చూతురు. ఎడారి గాలి యెంత పొడియో అంత పొడి యన్నమాట. అంత పొడిగాలిలో క్లోరైడునకు తేమ దొరకదు; తుప్పు దాదాపు నిలిచిపోవును. ఈ యేర్పాటు 2005లో పూర్తియైనది.

చూడవచ్చినవారు మెట్లు దిగి గాజు క్రిందికి పోయి, తూట్లు పడిన పాత యినుమును దగ్గరగా చూడవచ్చును. పైభాగమున భోజనశాలను, పడకగదులను పూర్వపు రీతిని తీర్చిదిద్దిరి. తీసివేసిన యంత్రమునకు బదులు అదే కొలతలతో తిరుగు నమూనాను చేసిపెట్టిరి. క్రొత్తది క్రొత్తదనియే చెప్పుదురు. పాతదానిని పాతదిగనే చూపుదురు. నాకు ఇది మిక్కిలి నచ్చిన విషయము.

ఇక మన సంగతి. మనకు ఇనుప యోడలు లేకపోవచ్చును. రథశాలలో కొయ్యరథము గలదు. దేవాలయపు గోడపై శిలాశాసనము గలదు. అటకమీద తాళపత్రముల కట్ట గలదు. వీనిని బాగుచేయవలెనని తలచినపుడు మనము మొదట రంగు కొలతుము. సున్నపు ఖర్చు లెక్కింతుము. శాసనముపై దట్టముగా సున్నము కొట్టి అక్షరములను పూడ్చిన చోట్లను మీరును చూచియుందురు. చేసినవారు భక్తితోనే చేసిరి. కాని ఆ వస్తువును తినుచున్నదేది అని వారు విచారింపలేదు. రథమును చెదలు తినుచున్నదా, కప్పునుండి కారు వాననీరు తినుచున్నదా? తాళపత్రమును పురుగు కొట్టుచున్నదా, గోడ చెమ్మ పాడుచేయుచున్నదా? శత్రువును ఎఱుగక వేసిన రంగు, రోగమెఱుగక ఇచ్చిన మందువంటిది. మన పూర్వులు తాళపత్రములకు నూనె పూసి, పలకల నడుమ బిగించి, ఏటేట విప్పి చూచి మరల కట్టెడివారు. ఆ ఏటేట చూచుటయే సగము రక్షణము.

బ్రిస్టలులో వారు చేసినది మహాకార్యమే కాని, చేసి ముగించినది కాదు. ఆ యంత్రములు నిలిచి, తేమ మరల లోనికి వచ్చిననాడు తుప్పు మరల మొదలగును. కాబట్టి ఎవరో ఒకరు దినదినము గాలిలోని తేమను కొలుచుచు, యంత్రములను చూచుకొనుచు నుండవలసినదే. ఉత్సవము చేసి ప్రారంభించువారు ప్రతి యూరను దొరకుదురు; మరుసటి దినమున తాళము తీసి, దుమ్ము దులిపి, కారు కప్పును గమనించువారు కావలెను. మీ గ్రామమున జీర్ణోద్ధరణ మాట వచ్చినపుడు, అట్టి మనుష్యు నొకని ముందుగా నియమించి, పిమ్మటనే సున్నము తెప్పింపుడని పెద్దలను ప్రార్థించుచు విరమించుచున్నాను.